యలమందయ్య కొత్త టీవీ, పాత గెలుపు

చిన్న కథ చెబుతాను. పొయ్యి మీద పప్పు ఉడికేలోగా అయిపోతుంది.

గుండాలపాడులో యలమందయ్య అనే రైతు ఉండేవాడు. ఆయనకు అన్నీ ఉండేవి గానీ, ఉన్నదాంతో కుదురుగా కూర్చోవడం మాత్రం చేతనయ్యేది కాదు.

పప్పు ఉడికేలోగా అన్నాను గానీ, అది ఎవరి పప్పు అనేదాన్ని బట్టి ఉంటుంది. యలమందయ్య భార్య శేషారత్నం పప్పు పొయ్యి మీద పెట్టి మా రెండిళ్ళ మధ్య గోడ దగ్గరకు వచ్చిందంటే, పప్పు ఉడికి, మాడి, ఆ వాసన కూడా ఆరిపోయేది గానీ మాట పూర్తయ్యేది కాదు. నేను గోడకు ఇవతల ఊరికే నిలబడి ఉండేదాన్ని. నాకు పరుల సంగతులు పట్టవు. అవే వచ్చి చెవిలో పడతాయి. మా కిరాణా కొట్టాయన ఈ మాట నమ్మడు. ఆయన తూకం నేనూ నమ్మను కనుక చెల్లుకు చెల్లు.

ఎక్కడున్నాం? యలమందయ్య దగ్గర.

ఆయన కొత్త చెప్పులు కొంటే పాతవే మెత్తగా ఉండేవనేవాడు. పాతవి వేసుకుంటే కొత్తవి ఇంట్లో ఎదురుచూస్తున్నాయనేవాడు. వీధి వాకిలిని తూర్పు నుంచి ఉత్తరానికి మార్పించాడు, ఏడాది తిరక్కుండా మళ్ళీ తూర్పుకు మార్పించాడు. ఆ ఏడాదంతా వాళ్ళింటికి వచ్చిన చుట్టాలు గోడకు గుద్దుకునేవాళ్ళు. పొలంలో మోటారు మూడుసార్లు మారింది. నీళ్ళు మాత్రం ఎప్పుడూ ఒకేలా వచ్చేవి. మీసం కూడా ఒక నెల పైకి ఉండేది, ఒక నెల కిందికి ఉండేది. నెల మధ్యలో ఎవరైనా చూస్తే ఒకటి పైకి, ఒకటి కిందికి ఉండేది.

ఆయన మార్చనిది ఒక్కటే, ఎడ్ల జత. వాటి పేర్లు వెండి, ముత్యం. రెండూ తెల్లటివే. వాటిని మార్చకపోవడానికి కారణం ప్రేమ అనుకునేరు. అవి పందెం గెలిచాయి, అందుకు.

ఎడ్లు బండ లాగే పందెం చూడనివాళ్ళ కోసం రెండు మాటలు చెబుతాను. ఎద్దుల కాడికి పెద్ద రాతి బండ కడతారు. ఈ చివర సున్నం గీత, ఆ చివర సున్నం గీత. ఇరవై నిమిషాల్లో ఆ చివరికీ ఈ చివరికీ ఎవరి ఎడ్లు ఎక్కువ దూరం లాగితే వాళ్ళు గెలిచినట్టు. పూర్తయిన చుట్లు లెక్కపెడతారు. ఈల ఊదేసరికి సగంలో ఆగిపోయిన చుట్టును మాత్రం గీత దగ్గర నుంచి బండ దాకా టేపుతో కొలుస్తారు.

ఇక్కడ మా ఊళ్ళో ఒక ఆచారం ఉంది. బండ దగ్గర టేపు చదివేది కమిటీ పెద్ద. గీత దగ్గర టేపు మొన పట్టుకునేది మాత్రం పోటీదారుడు. నా ఎడ్ల దూరం కొలిచేటప్పుడు నా పగవాడు పట్టుకోవాలి, వాడి ఎడ్ల దూరం కొలిచేటప్పుడు నేను పట్టుకోవాలి. ఎందుకంటే ఎవరి మొన వాళ్ళు పట్టుకుంటే గీత కన్నా వెనక్కి జరిపి దూరం పెంచుకుంటారు. మా ఊరివాళ్ళ మీద మా ఊరివాళ్ళకు అంత గురి. ఈ ఆచారం వచ్చాక గీత దగ్గరకు వెళ్ళి ఎవరూ తొంగి చూడరు. పగవాడు మనకు దూరం పెంచుతాడా?

ఏడేళ్ళ కిందట తిరునాళ్ళలో పందెం జరిగింది. ముందు నాసరయ్య ఎడ్లు లాగాయి. నాసరయ్య అంటే దిగువ బజారులో ఉండే రైతు. యలమందయ్యకు వరసకు బావ. సన్నగా ఉంటాడు, మాట అంతకన్నా సన్నగా ఉంటుంది. ఆయన ఎడ్లు పదకొండు చుట్లూ పద్దెనిమిది అడుగులూ లాగాయి. చివర యలమందయ్య ఎడ్లు దిగాయి. అవి పదకొండు చుట్లూ పద్దెనిమిది అడుగుల నాలుగు అంగుళాలూ లాగాయి. నాలుగంటే నాలుగే అంగుళాలు. ఏసోబు అనే ఆయన జత సరిగ్గా పదకొండు చుట్లకు ఆగి మూడోది అయింది. మూడోదాన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? మీరు మాత్రం గుర్తుపెట్టుకోండి.

యలమందయ్యకు చేటంత షీల్డు వచ్చింది. టౌను నుంచి వచ్చిన వీడియో ఆయన పందెం అంతా తీసి ఒక డిస్కు ఇచ్చాడు. యలమందయ్య ఆ డిస్కును స్టీలు డబ్బాలో పెట్టి, డబ్బాకు పసుపు రాసి బొట్టు పెట్టాడు. శేషారత్నం దేవుళ్ళకు కూడా అంత శ్రద్ధగా బొట్టు పెట్టదు. ఆ మాట నేను అనడం లేదు, ఆయనే అనేవాడు.

అప్పటి నుంచి నాసరయ్య ఎదురైతే యలమందయ్య నమస్కారం పెట్టడం మానేశాడు. నాలుగు వేళ్ళు చూపించేవాడు. పాల కేంద్రం దగ్గర నాలుగు వేళ్ళు. బస్సు కిటికీలోంచి నాలుగు వేళ్ళు. నాసరయ్య తల్లి పోయినప్పుడు పరామర్శకు వెళ్ళి, చెయ్యి ఎత్తబోయి, నాలుగు వేళ్ళూ లేచాక ఎలాగో ఆపుకుని తల గోక్కున్నాడు. నాసరయ్య ఎప్పుడూ ఏమీ అనేవాడు కాదు.

ఏటా తిరునాళ్ళకు ముందు రోజు సాయంత్రం ఊరంతా యలమందయ్య ఇంటికి వెళ్ళి ఆ డిస్కు చూసేది. శేషారత్నం ఉడకబెట్టిన శనగలు పెట్టేది. ఉప్పు ఒక ఏడు ఎక్కువ, ఒక ఏడు తక్కువ. టేపు కొలిచే చోటుకు రాగానే యలమందయ్య బొమ్మను ఆపేసి, "ఇక్కడ. ఇక్కడ చూడండి" అని నాలుగు వేళ్ళు ఎత్తేవాడు. నాసరయ్య కూడా ఏటా వచ్చేవాడు. గుమ్మం పక్కన కూర్చుని, శనగలు ఒక్కొక్కటే నములుతూ, మొదటి నుంచి చివరి దాకా రెప్ప వెయ్యకుండా చూసేవాడు. ఓడిపోయిన పందేన్ని ఏటా వచ్చి చూసే మనిషిని ఏమంటారు? సిగ్గు లేదంటారు. మేమూ అదే అనుకున్నాం. కొందరం పైకి కూడా అన్నాం.

రెండేళ్ళ కిందట ముత్యం జబ్బు చేసి పోయింది. వెండి ఒక్కటే మిగిలింది. అది ముసలిదయింది. ఇక యలమందయ్య గొప్పకు సాక్ష్యం ఆ డిస్కే.

ఈ ఏడు ఒక విశేషం జరిగింది. పందెం కమిటీ పెద్ద పానకాలు మాస్టారు ఒక పొద్దున యలమందయ్య ఇంటికి వచ్చాడు. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. మెడలో ఈల ఇప్పటికీ తియ్యలేదు. భోజనానికి పిలవాలన్నా ఈల ఊదుతాడని వాళ్ళావిడ చెప్పింది.

"యలమందా, నాకు మోకాళ్ళు వంగడం లేదు. ఈసారి పందెం పెద్దగా నిన్ను పెడదామనుకుంటున్నాం. టేపు చదవడం, ఈల ఊదడం, అన్నీ నీవే. ఒకప్పుడు మొదటి బహుమతి కొట్టినవాడు ఉంటే బాగుంటుంది" అన్నాడు.

"మీ దయ మాస్టారూ" అన్నాడు యలమందయ్య. రెండు మీసాలూ ఒకేసారి పైకి లేచాయి.

"తిరునాళ్ళ ముందు రోజు కమిటీ అంతా మీ ఇంటికే వస్తాం. ఎలాగూ డిస్కు వేస్తావు కదా. అందరి ముందూ ఆ పందెం చూసి, అక్కడే నీ పేరు చెప్పేస్తాం."

యలమందయ్యకు ఇంతకన్నా కావలసింది లేదు. మెడలో ఈల వేలాడాలని ఆయనకు ఏడేళ్ళుగా కోరిక. అయితే మర్నాడు గాలివాన వచ్చింది, పిడుగు పడింది, ఆయన డబ్బా టీవీ లోపల చిటపటమని పొగ వదిలి ఆగిపోయింది. పిడుగు మా ఇంటి మీద పడకుండా వాళ్ళింటి మీదే ఎందుకు పడిందో నేను చెప్పలేను.

యలమందయ్య టౌనుకు వెళ్ళి కొత్త టీవీ తెచ్చాడు. పలక లాంటిది, మంచమంత వెడల్పు. దాన్ని గోడకు బిగించి, పాత డిస్కు ప్లేయర్‌ను దాని కింద పెట్టి, పసుపు తీగ పసుపు దాంట్లో, తెల్లది తెల్లదాంట్లో, ఎర్రది ఎర్రదాంట్లో గుచ్చి డిస్కు వేశాడు. శేషారత్నం వంటింట్లోంచి వచ్చి చూసింది.

"ఇవేంటి, గేదెలా?" అంది.

"కళ్ళు పోయాయా? మన వెండీ ముత్యమూ."

"ఇంత లావు ఎప్పుడయ్యాయి?"

నిజమే. బొమ్మ అటూ ఇటూ సాగిపోయింది. ఎడ్లు పీపాల్లా ఉన్నాయి. వాటిని తోలుతున్న యలమందయ్య కూడా రోలులా ఉన్నాడు. నాసరయ్య ఒక్కడే మామూలు మనిషిలా కనిపించాడు.

యలమందయ్య టీవీ కొట్టు బాజీకి ఫోను చేశాడు. బాజీ అదే సాయంత్రం బండి మీద వచ్చి రిమోట్ మీద ఏదో నొక్కాడు. బొమ్మ సన్నబడింది. ఎడ్లు ఎడ్లలా అయ్యాయి. కానీ టీవీకి రెండు పక్కలా నల్లటి పట్టీలు వచ్చాయి.

"ఇదేంట్రా, నా ఎడ్లను కొట్టంలో కట్టేసినట్టుంది" అన్నాడు యలమందయ్య.

"పాత బొమ్మ నలుచదరం బాబాయ్. కొత్త టీవీ వెడల్పు. మిగిలిన చోటు నల్లగానే ఉంటుంది. అలా పోనీ."

"కమిటీ వాళ్ళు వచ్చి చూస్తే, ఇంత పెద్ద టీవీలో ఎడ్లు ఇంతేనా అనరూ? పైగా మసకగా ఉంది. తప్పు టీవీదా, ప్లేయర్‌దా?"

"ప్లేయర్ ముసలిదైంది బాబాయ్. అయినా పనిచేస్తోంది కదా."

బాజీ ఆ మాట అని వెళ్ళిపోయాడు. యలమందయ్యకు ఆ రోజు నుంచి కూర్చుంటే నిలబడాలనిపించింది, నిలబడితే నడవాలనిపించింది. ముసలిదైంది అన్నమాట ఒక చెవిలో, పనిచేస్తోంది అన్నమాట ఒక చెవిలో తిరిగేవి. టీవీకి దగ్గరగా కుర్చీ వేసుకుని చూసేవాడు. దూరంగా వేసుకుని చూసేవాడు. మంచం మీద పడుకుని చూసేవాడు. ఒకసారి వాకిట్లో నిలబడి కిటికీలోంచి చూస్తూ నాకు కనిపించాడు. ఏం చేస్తున్నావు యలమందయ్యా అంటే, "మాస్టారు గుమ్మంలోంచి వస్తూ చూస్తే ఎలా ఉంటుందో చూస్తున్నాను" అన్నాడు. నేను ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. దారిలో కనిపించినవాళ్ళకు తప్ప.

అంతే, ఊరు రెండుగా చీలింది. టీ కొట్టు దగ్గర రోజూ ఇదే పంచాయితీ.

"కొత్త బండికి ముసలి ఎద్దును కడతామా?" అన్నారు కొందరు. కొత్త ప్లేయర్ కొనాలని వీళ్ళ వాదన.

"కొత్త కోడలు వచ్చిందని అత్తను మారుస్తామా?" అన్నారు మిగతావాళ్ళు. వీళ్ళలో ఇద్దరికి వీలైతే మార్చాలనే ఉంది గానీ పైకి అనలేదు.

యలమందయ్య ఎవరు మాట్లాడితే వాళ్ళ వైపు తల ఊపేవాడు. ఇంటికి వెళ్ళేసరికి ఆఖరున మాట్లాడినవాడి మాట గెలిచి ఉండేది. దారిలో ఇంకొకడు కలిస్తే అదీ మారిపోయేది.

ఒకరోజు కొనడానికే బయల్దేరి, బస్సు స్టాపు దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. ఇంకొక రోజు బస్సెక్కి టౌను దాకా వెళ్ళి, బాజీ కొట్టు మెట్ల దగ్గర నిలబడి, చెప్పులు విప్పి, మళ్ళీ వేసుకుని తిరిగొచ్చాడు. మా ఊరి బస్సు స్టాపు దగ్గర ఏసోబు చెరుకురసం బండి పెట్టుకుని ఉండేవాడు. ఎడ్లను ఏనాడో అమ్మేశాడు. యలమందయ్య దిగినప్పుడల్లా, "రసం తాగు అన్నా, ఎండన పడి తిరుగుతున్నావు" అనేవాడు. యలమందయ్య అల్లం వెయ్యాలా వద్దా అనేది తేల్చుకోలేక తాగకుండానే వెళ్ళిపోయేవాడు.

తిరునాళ్ళకు రెండు రోజులు ఉందనగా శేషారత్నానికి విసుగొచ్చింది.

"కొంటే కొను, మానితే మాను. ఇల్లంతా తిరిగి తిరిగి నేల అరగదీస్తున్నావు. ఏడేళ్ళుగా చూస్తున్న డిస్కే కదయ్యా. అందులో నీకు తెలియంది ఏముంది?" అంది.

"ఆడవాళ్ళకు ఇవి అర్థం కావే" అని ఆయన మూడోసారి బయల్దేరాడు. ఈసారి కొట్టు లోపలికే వెళ్ళాడు.

"ఒక్క మాట చెప్పు బాజీ. కొత్త ప్లేయర్ కొంటే నా ఎడ్లు బాగా కనిపిస్తాయా?"

బాజీ మంచివాడు. వ్యాపారంలో ఉండీ మంచివాడే. "బాబాయ్, డిస్కులో లేనిది ఏ ప్లేయరూ చూపించదు. కాస్త తేటగా ఉంటుంది. పాత డబ్బా టీవీ బొమ్మకు నాలుగు వైపులా అంచులు కోసేది. పాత తీగలతో ఈ కొత్త టీవీ కూడా కోస్తుంది. కొత్త ప్లేయర్‌కు ఒకటే తీగ. దాంతో బొమ్మ అంచుల దాకా మొత్తం వస్తుంది. తేడా అంతే" అన్నాడు.

"అంచుల్లో ఏముంటుందిరా? జనం కాళ్ళు."

"అదే నేననేది. జనం కాళ్ళ కోసం కొత్తది ఎందుకు? పాతదే ఉంచెయ్ బాబాయ్."

యలమందయ్య గుడ్లప్పగించి చూశాడు. అమ్ముకునేవాడు కొనొద్దంటున్నాడు. మా వైపు కొట్టువాడు కొనొద్దన్నాడంటే ఒకటే అర్థం, మంచి సరుకు ఇంకెవరికో దాచిపెట్టాడని. ఇన్నాళ్ళూ తేలనిది యలమందయ్యకు ఆ క్షణంలో తేలిపోయింది.

"అదే కావాలి. కట్టు" అన్నాడు.

తిరునాళ్ళ ముందు రోజు సాయంత్రం ఊరు ఊరంతా వాళ్ళింట్లో ఉంది. పానకాలు మాస్టారినీ కమిటీవాళ్ళనూ ముందు కుర్చీల్లో కూర్చోబెట్టారు. శాలువా ఒకటి మాస్టారి ఒళ్ళో మడతపెట్టి ఉంది. మెడలోని ఈల తీసి శాలువా మీద పెట్టుకున్నాడు. యలమందయ్య చూపు టీవీ మీద కన్నా ఆ ఈల మీదే ఉంది. నాసరయ్య ఎప్పటిలాగే గుమ్మం పక్కన కూర్చున్నాడు. యలమందయ్య నాలుగు వేళ్ళు చూపించి పలకరించాడు. శనగల్లో ఈసారి ఉప్పు లేనే లేదు.

డిస్కు తిరిగింది. నల్ల పట్టీలు ఉన్నాయి గానీ, వాటి మధ్య బొమ్మ కడిగినట్టు ఉంది. వెండి వెండిలా, ముత్యం ముత్యంలా ఉన్నాయి. బాజీ చెప్పినట్టే అంచులు కూడా వచ్చాయి. ఏడేళ్ళుగా బొమ్మలో లేనివాళ్ళు కొత్తగా వచ్చి చేరారు. పై అంచున వేపకొమ్మ మీద మా టీ కొట్టాయన కనిపించాడు. "అదిగో, నేను. నేనూ ఉన్నాను" అని ఆయన లేచి నిలబడ్డాడు. కింది అంచున శేషారత్నం తమ్ముడు పందేనికి వీపు పెట్టి నిద్రపోతున్నాడు. కుడి అంచున నేనున్నాను, ఎవరి చెవిలోనో ఏదో చెబుతూ. అది వేరే సంగతి.

ఈల మోగింది. బండ ఆగింది. కుడివైపు మాస్టారు టేపు మీదికి వంగాడు. యలమందయ్య బొమ్మను ఆపాడు.

"ఇక్కడ. ఇక్కడ చూడండి" అని నాలుగు వేళ్ళు ఎత్తాడు.

అందరం చూశాం. ఎడమ అంచున ఇంతకు ముందు నాసరయ్య భుజం దాకానే కనిపించేది. ఇప్పుడు మనిషంతా కనిపించాడు. గొంతుక్కూర్చున్నాడు. ముందు సున్నం గీత తెల్లగా ఉంది. టేపు మొన చేతిలో ఉంది. ఆ చెయ్యి గీత మీద లేదు. గీతకు వెనక జానెడు దూరంలో నేలకు ఆనించి ఉంది.

శనగలు నమిలే చప్పుడు ఆగిపోయింది. మాస్టారు వంగని మోకాళ్ళతో లేచి టీవీ దగ్గరకు వెళ్ళి అద్దం మీద వేలు పెట్టాడు.

"ఇది గీత. ఇది టేపు" అన్నాడు.

యలమందయ్య నాలుగు వేళ్ళూ ఇంకా గాలిలోనే ఉన్నాయి. ఆయన వెనక్కి తిరిగాడు. "బావా, మోసం చేశావా?" అన్నాడు.

"చేశాను" అన్నాడు నాసరయ్య.

"ఎవరిని?"

"నన్నే."

అప్పటికి గానీ మాకు లెక్క అందలేదు. టేపు మొన వెనక్కి పోతే కొలత పెరుగుతుంది. పెరిగింది యలమందయ్య కొలత. జానెడు తీసేస్తే ఆయన ఎడ్లు నాసరయ్య ఎడ్ల కన్నా వెనకే ఆగాయి. గెలిచింది నాసరయ్య. తన గెలుపును తన చేత్తోనే వెనక్కి జరిపేశాడు.

"ఎందుకు?" అన్నాడు యలమందయ్య. గొంతు సన్నగా వచ్చింది. ఇద్దరి గొంతులూ ఒకేలా ఉన్నాయని అప్పుడు గమనించాను.

"ఆ రోజు బండ కట్టేటప్పుడు నువ్వు ఏమన్నావో గుర్తుందా?"

యలమందయ్యకు గుర్తులేదు. శేషారత్నానికి ఉంది. "ఇవి ఇవాళ ఓడితే రేపు సంతకు తోలేస్తాను, కొత్త జత తెస్తాను అన్నావు. నలుగురిలో ఒట్టు కూడా పెట్టావు" అంది.

"అవి నా కొట్టంలో పుట్టిన దూడలు" అన్నాడు నాసరయ్య. "ముత్యం అడ్డం తిరిగితే ఈ చేతులతోనే బయటికి లాగాను. ఇంట్లో అవసరం పడి నీకు అమ్ముకున్నాను. సంతకు పోతే ఎవడి చేతిలో పడతాయో, ఏ కబేళా బండి ఎక్కుతాయో. నీ సంగతి నాకు తెలుసు కదా బావా, వాకిలినే రెండుసార్లు తిప్పినవాడివి. జానెడు టేపుతో ఆగేదే కదా అనుకున్నాను."

"మరి ఏడేళ్ళు నా వేళ్ళు చూస్తూ ఎందుకు ఊరుకున్నావు? ఒక్కసారైనా చెప్పకూడదూ?"

"చెబితే తోలేసేవాడివి."

యలమందయ్య టీవీలో ఆగిపోయిన బొమ్మ వైపు తిరిగాడు. "ముత్యం పోయి రెండేళ్ళయింది. అప్పటి నుంచైనా రావడం మానెయ్యొచ్చుగా. ఓడిపోయింది చూడటానికి ఏటా ఎందుకు వచ్చావు?" అన్నాడు.

"దాన్ని చూడటానికే. ఇంకెక్కడుంది అది? ఈ డిస్కులోనే కదా నడుస్తోంది" అన్నాడు నాసరయ్య.

ఆయనకు సిగ్గు లేదని పైకి అన్నవాళ్ళం అందరం కిందికి చూశాం. శేషారత్నం వంటింట్లోకి వెళ్ళి ఉప్పు తెచ్చింది. ఎవరికీ అవసరం పడలేదు. యలమందయ్య ఎత్తిన చెయ్యి మెల్లగా దించి, నాసరయ్య పక్కన గుమ్మం దగ్గర నేల మీద కూర్చున్నాడు. ఇన్నాళ్ళలో ఆయన కదలకుండా కూర్చోవడం నేను చూసింది అప్పుడే.

ఇక్కడితో కథ అయిపోతే బాగుండేది. షీల్డు నాసరయ్యకు ఇచ్చేస్తారని అందరం అనుకున్నాం. యలమందయ్య తనే లేచి షీల్డు తీసి ఆయన ఒళ్ళో పెట్టాడు కూడా. అప్పుడు పానకాలు మాస్టారు ఈల ఊదాడు.

"ఆగండి. టేపు కదిపినవాడి జత రద్దు. అది మన రూలు" అన్నాడు.

"తనకే నష్టం చేసుకున్నాడు కదా మాస్టారూ" అన్నాడు టీ కొట్టాయన.

"రూల్లో నష్టం ఎవరికి అనే మాట లేదు. కదిపాడా లేదా, అంతే."

కమిటీ లోపలి గదిలోకి వెళ్ళి గంటసేపు మాట్లాడుకుంది. యలమందయ్య కొలత తప్పు కనుక ఆయన గెలుపు చెల్లదు. నాసరయ్య టేపు కదిపాడు కనుక ఆయన జత చెల్లదు. ఇక మిగిలింది మూడో జత. మర్నాడు పొద్దున్నే కమిటీవాళ్ళు షీల్డు, శాలువా, ఈల పట్టుకుని బస్సు స్టాపుకు వెళ్ళారు. ఏసోబు చెరుకుగడ మిషనులో పెట్టి తిప్పుతున్నాడు. ఏడేళ్ళ కిందటి పందెం నువ్వే గెలిచావని చెప్పారు. ఆయన చేతులు తుడుచుకుని, "ఏ పందెం?" అన్నాడు.

ఈ ఏటి పందేనికి పెద్ద ఏసోబే. బాగానే ఊదాడు. టేపు చదివే ముందు గీత దగ్గరకు కూడా వెళ్ళి చూశాడు. షీల్డును ఐసు పెట్టె మీద మూతగా వాడుతున్నాడు. ఈగలు రావడం లేదు.

కొత్త టీవీకి కొత్త ప్లేయర్ అవసరమా కాదా అనేది మా ఊరు ఇంకా తేల్చలేదు. యలమందయ్య మాత్రం రెండు ప్లేయర్లనూ ఉంచుకున్నాడు. డిస్కు డబ్బా ఇప్పుడు నాసరయ్య ఇంట్లో ఉంది. చూడాలనిపిస్తే ఆయనే పట్టుకుని వస్తాడు. వెండి పొద్దున యలమందయ్య కొట్టంలో, సాయంత్రం నాసరయ్య కొట్టంలో మేస్తోంది. రెండు చోట్లా కుడితి తాగి బాగా లావెక్కింది. దాన్ని ఇప్పుడు ఎదురుగా చూసినా, బాజీ రిమోట్ నొక్కకముందు కొత్త టీవీలో చూసినట్టే ఉంటుంది.

పిల్లలూ, నేర్చుకోవలసింది ఇది: గెలిచానని మీసం తిప్పే ముందు, టేపు అవతలి మొన ఎవరి చేతిలో ఉందో చూసుకోవాలి.